జెండా తాడు కొత్తవాళ్ళకే

మా మేనత్త పోయింది. శ్రావణమాసం, వాన పడీ పడకుండా ఊరిస్తున్న ఒక పొద్దున, కాఫీ వేళకి. ఆమెను చూసుకోవడానికి పెట్టుకున్న ఆయా రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చి, మా గుమ్మంలో నిలబడి, "అమ్మా, పెద్దమ్మగారు పలకడం లేదు" అంది. నేను చేతిలో గరిటెతోనే వెళ్ళాను. అత్తయ్య కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆ కిటికీలోంచి చూస్తే మా ఊరి సెంటరూ, అక్కడున్న జెండా దిమ్మే కనిపిస్తాయి. కిటికీ ఊచకి పాత చీర పీలిక ఒకటి కట్టి వేలాడుతోంది. అదెందుకు కట్టారో ఆ పొద్దున నేను పట్టించుకోలేదు. ఆగస్టు పదిహేను ఇంకా వారం కూడా లేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "కాస్త ఆగలేకపోయావా అత్తయ్యా" అని పైకే అనేశాను. ఆయా నన్ను అదోలా చూసింది.

ఆ కోపం ఎందుకో మీకు తెలియాలంటే మా ఊరి జెండా పండుగ సంగతి చెప్పాలి. అద్దంకి వెళ్ళే రోడ్డు మీద మాది చిన్న టౌను. ఒక పక్క పత్తి మిల్లు, ఇంకో పక్క మిర్చి కొట్లు, మధ్యలో నాలుగు రోడ్లు కలిసే సెంటరు. ఆగస్టు పదిహేనున ఆ సెంటర్లో జెండా ఎగరేసేది పంచాయితీ ప్రెసిడెంటు కాదు, ఎమ్మెల్యే కాదు, ఏ పెద్ద రైతూ కాదు. ఊరికి అందరికంటే చివరగా కాపురం వచ్చిన మనిషి ఎవరో, ఆ మనిషి. ఆడా మగా అన్న తేడా లేదు. ఇల్లు సొంతమా, అద్దెదా, ఓటుందా లేదా, ఏవీ అడగకూడదు. "బ్యాగు దింపితే చుట్టం. చాపా పొయ్యీ దింపితే మనూరి మనిషి," అనేది అత్తయ్య. ఈ ఊళ్ళో పొయ్యి వెలిగించి తన అన్నం తాను వండుకుంటే చాలు, తాడు పట్టుకునే హక్కు వచ్చేసినట్టే.

ఈ పద్ధతి పెట్టింది ఆవిడే. అత్తయ్య టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. చెవులకి తగిలించుకున్న ఫోనుతో, ఎదురుగా కన్నాల బల్లతో, ఏ తీగ తీసి ఏ కన్నంలో గుచ్చితే ఎవరు మాట్లాడతారో చూసుకుంటూ ఆమె వయసంతా గడిచింది. ఊరంతా ఫోనత్తయ్య అనేవాళ్ళు. మద్రాసుకీ బొంబాయికీ లైన్లు కలిపిన మనిషి తాను మాత్రం ఊరు దాటింది లేదు. పెళ్ళి కూడా రోడ్డుకి ఈ పక్క ఇంట్లోంచి ఆ పక్క ఇంటికే. మామయ్య త్వరగా పోయాడు, పిల్లల్లేరు. మా ఇంటికి ఎదురుగా ఒక్కతీ ఉండేది గానీ ఒక చోట కుదురుగా కూర్చోగా మేమెవరం చూడలేదు. అన్నం కూడా గిన్నె చేత్తో పట్టుకుని, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ తినేది. ఎవరు ఏడుస్తూ వచ్చినా, ఎగురుతూ వచ్చినా ఆమె మొదటి మాట ఒక్కటే, "లైన్లో ఉండు." తరవాత స్టవ్వు మీద కాఫీ పెట్టేది.

అంతకుముందు మా సెంటర్లో రెండు జెండాలు ఉండేవట. మిల్లాయన ఒకటి, ప్రెసిడెంటు గారు ఒకటి, పది అడుగుల ఎడంలో రెండు సిమెంటు దిమ్మెలు కట్టించి, రెండు గుంజలు నిలబెట్టి, ఎవరి మనుషులతో వాళ్ళు పోటాపోటీగా ఎగరేసేవాళ్ళు. పిల్లలకి మాత్రం పండగే, రెండు చోట్లా బూందీ. ఒక ఏడాది ఎవరి జెండా ముందు ఎగరాలనే దగ్గర మాటా మాటా పెరిగి, కర్రలు లేచాయి. ఎవరో తాడు కోశారు. పోలీసులొచ్చి రెండు గుంజలూ పీకించారు. మరుసటి ఏడాది జెండా పండుగే లేదు. దేశమంతా ఎగిరిన రోజున మా సెంటరు బోసిగా ఉందని చెప్పేటప్పుడు, ఎన్నేళ్ళయినా అత్తయ్య మొహం కందగడ్డలా అయ్యేది.

ఆ పై ఏడాది, ఆగస్టు పద్నాలుగు మధ్యాహ్నం, కొత్తగా బదిలీ మీద వచ్చిన పశువుల డాక్టరు, క్షేమంగా చేరానని వాళ్ళమ్మకి చెప్పడానికి ఎక్స్చేంజికి వచ్చాడు. అప్పట్లో ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా ముందు చేసే పని అదే. అత్తయ్య లైను కలుపుతూ, "మీరు ఎవరి తాలూకండీ?" అని అడిగింది. మా ఊళ్ళో కొత్తవాళ్ళని అడిగే మొదటి ప్రశ్న అదే మరి. ఆయన తెల్లబోయి, "ఎవరి తాలూకూ కాదండీ, ఇవాళే దిగాను. గదిలో స్టవ్వు వెలిగించి కాసిని పాలు కాచుకున్నాను, అంతే" అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే అత్తయ్య రెండు తీగలు తీసి, మిల్లాయన లైనూ ప్రెసిడెంటు గారి లైనూ కలిపేసింది. డిపార్ట్‌మెంటుకి తెలిస్తే ఉద్యోగం ఊడే పని. రెండిళ్ళలోనూ ఫోను మోగింది.

"హలో, ఎవరండీ?" అన్నాడట మిల్లాయన.

"నేను. నువ్వెవరు?" అన్నారట ప్రెసిడెంటు గారు.

"ఫోను చేసి నన్నడుగుతావేంటయ్యా?"

"నీకు నేను ఫోను చెయ్యడమా? నీ పేరు చెప్పి నెత్తి మీద నీళ్ళు పోసుకుంటా గానీ!"

అప్పుడు అత్తయ్య మధ్యలో దూరింది. "ఇద్దరూ లైన్లో ఉండండి. ఎవరు ముందు పెట్టేస్తే వాళ్ళు భయపడ్డట్టు," అంది. దాంతో ఇద్దరూ పెట్టలేదు. "రేపు సెంటర్లో జెండా పశువుల డాక్టరు గారు ఎగరేస్తారు. ఆయన ఇవాళే వచ్చాడు. మీ ఇద్దరిలో ఎవరి పేరూ ఆయనకి తెలీదు."

లైను గరగరమందట. చివరికి మిల్లాయన, "ఆయన మనవాడేనా?" అని అడిగాడు. "ఎవరివాడూ కాదండీ. అందుకే," అంది అత్తయ్య. సరే, ఈ ఒక్క ఏడాదికే అన్నారు ఇద్దరూ. ఆ ఒక్క ఏడాది మళ్ళీ అయిపోనే లేదు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ మిల్లాయన గొంతు ఇంకాస్త లావయ్యేది, నెత్తి మీద నీళ్ళు బిందె నించి గంగాళం దాకా పెరిగేవి. అయినా అడిగి అడిగి చెప్పించుకునేవాళ్ళం. రెండు దిమ్మెల్లో ఒకదాని మీదే గుంజ లేచింది. రెండోది ఖాళీగా పడుంటే, టీ బంకు ఆయన దాని మీద నీళ్ళ డ్రమ్ము పెట్టుకున్నాడు. నేను పుట్టి బుద్ధెరిగాక అది డ్రమ్ము దిమ్మె అనే అనుకున్నాను.

నేను హైస్కూల్లో చేరిన ఏడాది జరిగింది అసలు తమాషా. అప్పట్లో జెండాని ఒక మిర్చి కొట్టులో భద్రపరిచేవాళ్ళు. ఇటు వర్గమూ కాదు, అటు వర్గమూ కాదని ఆ కొట్టాయన మీద నమ్మకం. ఆయన ఎలకలు కొట్టకుండా దాన్ని ఖాళీ మిరపకాయల గోతాంలో చుట్టి పెట్టాడు. ఎండాకాలమంతా అది అందులోనే ఊరింది. ఆ ఏడు ఒంగోలు నించి కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు, ఇస్త్రీ చొక్కాలో, ఎంతో భక్తిగా తాడు లాగాడు. జెండా విచ్చుకుంది. బంతిపూల రేకులతో పాటు ఎర్రటి పొడి నెత్తిన రాలింది. మేనేజరు గారు తుమ్మారు. ముందు వరసలో ఉన్న ప్రెసిడెంటు గారు దగ్గారు. ఇక చూడాలి, సెంటరు సెంటరంతా దగ్గు. జాతీయ గీతం ఎత్తుకోవడం, నలుగురు దగ్గడం, ఆగడం, మళ్ళీ ఎత్తుకోవడం. పాడలేక కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మిల్లాయనా ప్రెసిడెంటు గారూ ఒకే తువ్వాలుతో మొహాలు తుడుచుకున్నారు. అది చూసి అత్తయ్య నవ్వలేక నేల మీద కూలబడింది.

ఆ తరవాత జెండా అత్తయ్య ఇంటి ట్రంకు పెట్టెలోకి మారింది, కలరా ఉండల మధ్యకి. మళ్ళీ ఎప్పుడూ ఘాటు రాలేదు. కానీ మరుసటి ఏడాది తాడు లాగే ముందు ఎవరో ఆకతాయి తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పక్కవాళ్ళూ పెట్టుకున్నారు. అంతే, అది స్థిరపడిపోయింది. ఇప్పటికీ మా ఊళ్ళో జెండా విచ్చుకునే క్షణాన మగవాళ్ళు తువ్వాళ్ళూ, ఆడవాళ్ళు పమిట చెంగులూ, పిల్లలు చొక్కా అంచులూ ముక్కు మీదికి లాక్కుంటారు. ఇది ఎరగని మనిషి ఒక్కరే ఉంటారు. తాడు పట్టుకున్న కొత్త మనిషి. తానేం తప్పు చేశాడో తెలియక బిక్కమొహం వేసుకుని చూస్తుంటే, ఊరంతా తువ్వాళ్ళు దించి ఒక్కసారిగా నవ్వుతుంది. ఎవరో ఒకరు ఆ కథ చెబుతారు. ఆ కథ విన్నాక ఇంక ఆ మనిషి కొత్త కాదు.

అలా నవ్వులపాలైన వాళ్ళలో పెదకాకాని నించి వచ్చిన కొత్త కోడలు ఒకామె ఉంది. నా ఈడుదే. పెళ్ళయి కొద్ది రోజులే. వాళ్ళత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడి, "కొత్త కోడలు నడిబజార్లో నిలబడి తాడు లాగుద్దా? మా ఇంటా వంటా లేదు" అంది. మా అత్తయ్య వాకిట్లోంచే, గొంతు తగ్గించకుండా, "ఆ పిల్లకి మీ వంటిల్లు తప్ప ఊళ్ళో ఏదీ తెలీదు వదినా. ఒక్క తాడైనా తెలియనియ్యి" అంది. ఆమె వచ్చింది. మొదట ముడి ఊడలేదు. కాలు తన్నిపట్టి, గట్టిగా లాగింది. అందరూ ముక్కులు మూసుకునేసరికి పాపం ఏడ్చేసింది. అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకెళ్ళి, పేరు అడిగి, ఊరందరి చేతా ఆ పేరు పలికించింది.

పరుపులు కుట్టుకుని బతికే సాయిబు ఒకాయన గుంటూరు నించి వచ్చి, తాడు లాగి, పైకి చూడకుండా కళ్ళు మూసుకున్నాడు. ఎందుకయ్యా అంటే, "ఎగరకపోతే చూడలేనండీ" అన్నాడు. ఒక కానిస్టేబులు లాగాడు, గాజుల బండి ఆమె లాగింది. పత్తి అంతా పురుగుకి పోయిన ఏడు మాత్రం ఎవరూ రాలేదు. రావడం మాట అటుంచి, ఉన్నవాళ్ళే తట్టా బుట్టా సర్దుకుని వెళ్ళిపోయారు. పండుగ దగ్గరకొచ్చేకొద్దీ అత్తయ్య కాలుగాలిన పిల్లిలా బస్టాండుకీ ఇంటికీ తిరిగింది. దిగేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళే. "ఊరికి ఎవరూ రాకపోతే అది ఊరేనా?" అని నా మీద కేకలేసింది, నేనేదో ఆపినట్టు. పదిహేనో తారీకు తెల్లవారుజామున కౌలు రైతు ఇంట్లో మగపిల్లాడు పుట్టాడని తెలిసింది. అత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళింది. పుట్టడం కూడా రావడమేనా అని ఒకరిద్దరు నసిగారు గానీ ఆమె వినలేదు. పిల్లాణ్ణి పాత పంచెలో చుట్టుకుని వాళ్ళ నాన్న తెచ్చాడు. ఎర్రటి ఆ గుప్పిట్లో తాడు పెట్టి, పైన తన చెయ్యి వేసి లాగాడు. ఆ ఏడు తువ్వాళ్ళు దించాక ఎవరూ పెద్దగా నవ్వలేదు, కానీ అందరూ వాడి మొహం చూసే ఇళ్ళకి వెళ్ళారు.

ఎక్స్చేంజి మిషన్ల చేతికి పోయింది. అత్తయ్య రిటైరైంది. ఇంక ట్రంకు కాల్ కోసం వచ్చే కొత్తవాళ్ళు లేరు కాబట్టి, సాయంత్రాలు బస్టాండులో నిలబడి ఎవరి నెత్తిన పరుపు చుట్టుందో చూసేది. గ్యాస్ బండల అబ్బాయిని, పాలాయన్ని ఆరా తీసేది. "ఏమే, మీ బళ్ళో ఎవరన్నా కొత్త పిల్లలు చేరారా?" అని నన్ను రోజూ విసిగించేది. నేను టీచర్ని, నాకు వంద పనులు. విసుక్కునేదాన్ని. ఆమె లెక్క చేసేది కాదు. ఒక్కోసారి మాత్రం, జెండా మడతపెడుతూ, "అందరికీ అందించాను గానీ నాకెప్పుడొస్తుందే ఆ తాడు? పుట్టింది ఈడనే, మెట్టింది ఈడనే. నేనెప్పటికీ కొత్త కాలేను" అనేది. నవ్వుతూనే అనేది. నేనూ నవ్వేసేదాన్ని.

పోయిన సంవత్సరం కిడ్నీలు చెడ్డాయి. వారం వారం ఆస్పత్రికి తిప్పాలి కాబట్టి తాడేపల్లిలో ఉన్న మా తమ్ముడు తీసుకెళ్ళాడు. ఆమె జీవితంలో మొదటిసారి వేరే ఊళ్ళో కాపురం. ఆ ఆగస్టుకి ఫోన్లోనే ఉంది. నేను సెల్లు మైకు దగ్గర పట్టుకుని నిలబడితే, "ఎవరే లాగుతోంది? ముక్కులు మూసుకున్నారా? నవ్వారా? గట్టిగా నవ్వమనవే, ఇక్కడికి వినపడటంలా" అని ఒకటే గొడవ. ఈ ఆషాఢంలో డాక్టర్లు ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు. దాని అర్థం అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. కారు ఇంటి ముందు ఆగింది. తలుపు తీసి నేను చెయ్యి అందిస్తే, పట్టుకోలేదు. తాడేపల్లి నించి వెంట వచ్చిన ఆయాతో, "నువ్వు ముందు దిగమ్మా" అంది. ఆమె దిగి, సామాను లోపల పెట్టి వచ్చేదాకా కార్లోనే కూర్చుంది. ఆ తరవాత దిగింది. లోపలికెళ్ళాక ఆయా చేత కాఫీ పెట్టించి, తాగి, స్టవ్వు ఆర్పించి, అప్పుడు గోడ పట్టుకుని లేచి తన చేత్తో స్టవ్వు వెలిగించి పాలు పొంగించింది. ఇదంతా ఏం చాదస్తమో అనుకున్నాను. పాలు పొంగాక నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పవే. ఈ ఊరికి అందరికంటే కొత్త ఎవరు?" అంది. ఆ మొహంలో అంత దొంగనవ్వు నేను ఎన్నడూ చూడలేదు.

ఊరంతా ఒప్పుకుంది. కాదనే ధైర్యం ఎవరికుంది? కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళదామనుకున్నాం. ఇంతలో, నేను మొదట్లో చెప్పిన ఆ పొద్దున వచ్చింది. నాకెందుకు కోపం వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు.

తమ్ముడు వచ్చి తలకొరివి పెట్టాడు. ఆ రెండో రోజు వాకిట్లో కూర్చుంటే కుదరక, నిలబడితే కుదరక, సెంటరు దాకా నడిచాను. టీ బంకు పక్కన దిమ్మె మీద డ్రమ్ము లేదు. దించి పక్కన పెట్టారు. సిమెంటు మీద డ్రమ్ము అడుగు గుండ్రటి మచ్చ ఉంది, మధ్యలో గుంజ కోసం వదిలిన గుంట. "ఎవరు తీయించారు?" అని అడిగితే టీ బంకు ఆయన నా మొహం చూడలేక గ్లాసులు కడుగుతూ చెప్పాడు. అత్తయ్యే పోయింది కాబట్టి ఈసారి పెద్ద నాయకుణ్ణి పిలుస్తామని ప్రెసిడెంటు వైపువాళ్ళు అన్నారట. అయితే మేం ఇంకో పెద్ద నాయకుణ్ణి పిలుస్తామని మిల్లాయన మనవడు అన్నాడట. రెండో గుంజకి ఇనప పైపు అద్దంకి నించి వస్తోందట. నా ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి బతుకంతా తిరిగి తిరిగి పెట్టిన పద్ధతి, కట్టె కాలి ఆరకముందే అయిపోవాలా? ఇంటికి వచ్చాను. మళ్ళీ సెంటరుకి వెళ్ళాను. మళ్ళీ ఇంటికి వచ్చాను.

అత్తయ్య ఇంట్లో ఆయా బట్టలు సర్దుకుంటోంది. తాడేపల్లి నించి ఫోన్లు వస్తున్నాయట, ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నారని. "పదిహేను దాకా ఉంటావా?" అని అడిగాను. "అత్తయ్య లేదు. ఆవిడ తరవాత కొత్త నువ్వే. తాడు నువ్వే లాగాలి."

"నేనా? నేను పోయేదాన్ని కదమ్మా."

"పొయ్యి వెలిగించావు కదా."

ఆమె చేతిలో బట్టలు పక్కన పెట్టింది. "అందుకేనమ్మా నన్ను ముందు దింపింది. ఆ రోజే నాకు తెలిసింది. తెలిసీ నవ్వుకుని ఊరుకున్నా," అంది. లేచి, కిటికీ దగ్గరికెళ్ళి, ఆ చీర పీలిక పట్టుకుంది. "ఇది చూశారా? రోజూ సాయంత్రం దీన్ని పట్టుకుని లాగేది. చెయ్యి వణక్కుండా ఉండాలని. పోయే ముందు రోజు కూడా లాగింది. ఇవాళ కాస్త నయంగా ఉంది కదూ అని నన్నడిగింది."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఊచ పట్టుకుని గట్టిగా ఏడ్చాను. నాకెప్పుడొస్తుందే ఆ తాడు అని ఆమె అన్నప్పుడల్లా నేను నవ్వేసిన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, సెల్లు తీశాను.

ఇప్పటి ప్రెసిడెంటు మరెవరో కాదు, ఆ పెదకాకాని కోడలే. పదవి ఆమెది, ఫోను ఎత్తేది మాత్రం మొగుడు. ముందు అటు చేసి, ఆగమని, ఇటు మిల్లాయన మనవడికి చేశాను. రెండు లైన్లూ కలిపే బటను నొక్కాను.

"హలో, ఎవరూ?" అన్నాడు మనవడు.

"నువ్వా? నీతో నాకేం పని?" అన్నాడు ప్రెసిడెంటు మొగుడు.

నేను మధ్యలో దూరాను. "ఇద్దరూ లైన్లో ఉండండి. ఎవరు ముందు పెట్టేస్తే వాళ్ళు భయపడ్డట్టు."  ఆ మాట ఊళ్ళో వినని ఇల్లు లేదు. "జెండా ఆయా ఎగరేస్తుంది," అన్నాను.

"చావింటి మనిషి చేత జెండానా? పెద్దకర్మ కూడా కాలేదు. మైల అనేది ఒకటుంటుంది టీచరు గారూ," అన్నాడు మొగుడు.

"ఫోను ఆమెకివ్వండి."

"ఏదైనా నాతో చెప్పండి."

"ఆమెకివ్వండి. తాడు లాగింది ఆమె, మీరు కాదు."

ఏదో గొణుగుడు, గాజుల చప్పుడు. ఆమె గొంతు వచ్చింది. "అన్నీ వింటూనే ఉన్నా వదినా, పక్కనే ఉన్నా. నేనీ ఊరొచ్చినప్పుడు అందరూ ఫలానావాళ్ళ కోడలు అనేవాళ్ళు. నా పేరు ఊరందరి చేతా పలికించింది ఆమె ఒక్కతే. ఆయా ఆమెకి చుట్టం కాదుగా, ఇంక మైలేంటి? ఆమే లాగుద్ది. నేను చెప్తున్నా." తరవాత కాస్త గట్టిగా, "ఏం బాబూ, మిల్లు వైపు నించి ఏమంటారు?"

మనవడు ఫోను పెట్టెయ్యలేదు.  "పైపు వచ్చేసిందండీ అప్పుడే," అన్నాడు నీరసంగా. ఆ తరవాత, "సర్లెండి. మా మిల్లు గేటుకి వాడుకుంటాం," అన్నాడు.

పదిహేనో తారీకు పొద్దున నేను సెంటరులోకి వెళ్ళలేదు. మైల ఉన్నా లేకపోయినా, ఒకరి నోట మాట రానివ్వడం ఇష్టం లేక, రోడ్డుకి ఇవతల మూసున్న కొట్టు మెట్ల మీద నిలబడ్డాను. డ్రమ్ము మళ్ళీ దిమ్మె ఎక్కింది. ఒక్కటే గుంజ. జెండాని ట్రంకు పెట్టెలోంచి తీసి నేనే పంపాను. ఆయా ఉతికిన నేత చీర కట్టుకుని, తాడు దగ్గర నిలబడి, చేతులు చీరకి తుడుచుకుంది. ప్రెసిడెంటు ఒక పక్క, మిల్లాయన మనవడు ఒక పక్క. ఆయా పైకి చూసి తాడు లాగింది. ఒక్క లాగుకే ముడి ఊడింది. జెండా విచ్చుకుంది, రేకులు రాలాయి.

ఊరంతా తువ్వాళ్ళు, చెంగులు ముక్కుల మీదికి లాక్కుంది. ఆయా బిత్తరపోయి అటూ ఇటూ చూసింది. ఇంక నవ్వు రావాలి. నేను నవ్వు కోసం ఎదురుచూశాను. గాలిలో ఘాటు లేదు, కలరా ఉండల వాసన ఒకటే రోడ్డు దాటి నా దాకా వచ్చింది. జాతీయ గీతం ఎత్తుకున్నారు. తువ్వాళ్ళ చాటునే పాడారు. ప్రెసిడెంటు చెంగు ముక్కు మీంచి కళ్ళ మీదికి జరిగింది. పాట అయిపోయింది, మైకు కట్టేశారు. అయినా ఒక్కరూ మొహం మీది తువ్వాలు దించలేదు.